నీడ లెక్క

ముప్పై రెండేళ్లు లెక్కలు చెప్పాను. శాతాలంటే వడ్డీలూ, లాభనష్టాలూ అనే చెప్పాను పిల్లలకి. నీడకి కూడా శాతం ఉంటుందనీ, దాన్ని కొలవడానికి అరచేతిలో ఇమిడే మీటరు ఉంటుందనీ, ఆ అంకె కాస్త తగ్గితే రోడ్డు మీద ఆపి చలానా రాస్తారనీ రిటైరయ్యాక, మా ఆవిడ కంటి ఆపరేషన్ పుణ్యమా అని తెలుసుకున్నాను.

ఉగాది వెళ్లిన పది రోజులకి రాజమండ్రిలో ఆవిడ ఎడమ కంటికి శుక్లం తీశారు. మర్నాడోసారి, వారానికోసారి, నెలకోసారి చూపించుకోవాలన్నారు. మొదటి రెండుసార్లూ మధ్యాహ్నం వేళే రమ్మన్నారు. రావులపాలెంలో మూడింటికి బయల్దేరి గౌతమి వంతెన ఎక్కామంటే జొన్నాడ ఒడ్డు చేరేదాకా పైన ఆకాశం, కింద ఇసుక. రాజమండ్రి మాకు నేరుగా ఉత్తరాన ఉంది. అంచేత సూర్యుడు ఎడమ కిటికీ పట్టుకుని వేమగిరి దాకా మాతోపాటే వస్తాడు. ఆస్పత్రిలో ఇచ్చిన నల్ల కళ్లజోడు పెట్టుకున్నా సరే, ఆవిడ మొహం నా వైపు తిప్పేసుకుని కూర్చునేది. పెళ్లయిన కొత్తలో కూడా అంతసేపు నా వైపు చూడలేదు.

రెండో ప్రయాణంలో ఇక లాభం లేదని నా కండువా తీసుకుని, అద్దం రెండంగుళాలు దించి, కండువా అంచు పైకి వేసి, మళ్లీ అద్దం ఎత్తి ఇరికించింది. నీడ వచ్చింది. కాకపోతే ఆ పక్క అద్దం నాకు కనపడ్డం మానేసింది. వంతెన దిగుతుంటే ఎడమ నుంచి దూసుకొచ్చిన మోటారు సైకిలు నా కంట పడలేదు. పాపం ఆ కుర్రాడు ఎలాగో తప్పించుకుని, మా పక్కకొచ్చి, కండువాని చూసి, "పెళ్లికూతుర్ని తీసుకెళ్తన్నావా తాతా?" అని అడిగి వెళ్లిపోయాడు.

మా ఆవిడ వేమగిరి దాకా నవ్వుతూనే ఉంది. నేను మాత్రం ఆ మాట పట్టుకుని వెనక్కి వెళ్లిపోయాను.

మా నాయనమ్మ పుట్టింటికి గూడు బండిలో వెళ్లేది. బండికి వెనకా ముందూ దుప్పటి కట్టేవారు. చిన్నవాణ్ని కాబట్టి నన్నూ లోపలే కూర్చోబెట్టుకునేది. లోపల ఉక్క, గడ్డి వాసన, ఎద్దు మెడ గంట చప్పుడు. నాయనమ్మ మాత్రం దుప్పటి నేతలో ఎక్కడో పలచబడ్డ చోట కన్ను ఆనించి దారంతా చెబుతూ ఉండేది: ఫలానావారి చేను కోశారు, ఫలానావారి గోడ కూలింది, ఆ వచ్చేది మీ పెదనాన్నే అని. ఆవిణ్ని మాత్రం ఎవరూ చూసేవారు కాదు. ఆ తర్వాత తెల్ల అంబాసిడర్లు వచ్చాయి. వెనక సీటుకి రెండు పక్కలా కుచ్చుల పరదాలు, స్ప్రింగు తీగ మీద. కలెక్టరు గారి కారంటే నాకు ఇప్పటికీ ఆ పరదాలే గుర్తొస్తాయి. ఆడవాళ్ల ఘోషా పోయేసరికి అధికార్ల ఘోషా మొదలైందని మా హెడ్మాస్టరు గారు స్టాఫ్ రూములో అంటుండేవారు. దాని తర్వాతది నల్ల ఫిల్ము. తనకి అందరూ కనపడాలి, తాను ఎవరికీ కనపడకూడదు అన్న వైభోగం కాస్తా కారున్న ప్రతివాడికీ చవగ్గా అందేసింది.

ఆ వైభోగం నేనూ కొన్నాను. 2009లో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న కారుకి ఓ ఊళ్లో రోడ్డు వార దుకాణంలో కూలింగ్ పేపరు వేయించాను. ఏ ఊరో ఎందుకులెండి. "ఎంత నల్లగా కావాలి సార్?" ఒక్కటే ప్రశ్న. చెట్టు కింద పని. అరగంటలో నాలుగు తలుపులూ, వెనక అద్దమూ అయిపోయాయి. లారీ వెళ్లినప్పుడల్లా లేచిన దుమ్ము ఫిల్ము కిందే స్థిరపడింది. ఏడాదికి అంచుల్లో బుడగలు లేచాయి, రెండో ఏటికి నలుపు కాస్తా విరిగి వంకాయ రంగుకి తిరిగింది. రంగు ముంచిన చవక ఫిల్ము ఎండకి అలాగే వెలిసిపోతుందని తర్వాత తెలిసింది. రాత్రిపూట రివర్సు చేయాలంటే తల బయట పెట్టాల్సిందే. అయినా మూడేళ్లు సుఖంగానే తిరిగాను. అందులో కారు చల్లబడింది తక్కువ, నేను పెద్దమనిషినయ్యానని అనిపించింది ఎక్కువ.

2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు తీర్పొచ్చింది. అవిషేక్ గోయెంకా అనే ఆయన వేసిన ప్రజాహిత వ్యాజ్యం అది. కార్ల అద్దాలకి ఏ శాతం ఫిల్మయినా సరే అంటించడానికి వీల్లేదు, మే 4 నుంచి అమలు. నల్ల అద్దాల చాటున జరిగే నేరాలే దానికి కారణం. అసలు నియమం అంతకు ముందు నుంచీ ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో నూరో నియమం: ముందు అద్దం, వెనక అద్దం నుంచి కనీసం 70 శాతం వెలుతురు లోపలికి రావాలి, పక్క అద్దాల నుంచి 50 శాతం. ఫ్యాక్టరీలోనే ఆ మేరకు రంగు కలిపి పోసిన గాజు అయితే ఇబ్బంది లేదు, దాని మీద ఇంకేదీ అంటించొద్దు అంది కోర్టు. పెద్ద భద్రత ఉన్న ప్రముఖులకి మినహాయింపు దొరికింది. మా వీధిలో అలాంటి భద్రత ఎవరికీ లేదు గనక మే నెల మొదటి ఆదివారం వీధి వీధంతా బకెట్లూ, వేడినీళ్లూ, సబ్బూ, బ్లేడులతో కార్ల దగ్గర చేరింది.

పీకడం వేయడమంత తేలిక కాదు. ఫిల్ము పేలికలుగా వచ్చింది, జిగురు గాజు మీదే ఉండిపోయింది. వెనక అద్దానికి మంచు పోగొట్టే ఎర్ర గీతలుంటాయి చూడండి, జిగురు గీస్తూ గీస్తూ అందులో రెండు నేనే తెగ్గొట్టాను. సాయంత్రానికి అద్దాలు తేటపడ్డాయి. లోపల కూర్చుంటే ఒంటి మీద చొక్కా లేనట్టు అనిపించింది. మర్నాడు కారులో వెళ్తుంటే సెంటర్లో అరటిపళ్ల బండి దగ్గర ఓ పాత విద్యార్థి చెయ్యెత్తి, "నమస్కారం మాస్టారూ, కారెప్పుడు కొన్నారండీ?" అన్నాడు. కారు కొని మూడేళ్లయింది. ఆ మూడేళ్లూ వాడి ముందు నుంచే వెళ్లాను.

అదే ఏడాది డిసెంబరు 16న ఢిల్లీలో ఒక అమ్మాయి మీద ఘోరం జరిగిన బస్సు, దాని నల్ల అద్దాలు, పరదాలు. ఆ తర్వాత ఆ తీర్పు మీద నేనెప్పుడూ సణగలేదు. పదేళ్లకి, 2022 మార్చిలో, హైదరాబాదు జూబ్లీహిల్సులో ట్రాఫిక్ పోలీసులు పేరున్న సినిమావాళ్ల కార్లని కూడా ఆపి ఫిల్ములు పీకితే టీవీలో చూస్తూ మా ఆవిడ, "వాళ్లకైతే జనం మీద పడతారు కాబట్టి అవసరమేనండీ. మీకెందుకటా అప్పట్లో?" అంది. సమాధానం చెప్పలేదు.

ఇప్పుడు అవసరం నిజంగానే వచ్చిపడింది. కంటికి ఎండ తగలకూడదు, చట్టానికి వెలుతురు తగ్గకూడదు. ఈ మధ్యలో ఎక్కడైనా చోటుందా అని వెతకడం మొదలెట్టాను.

ఉంది, కొద్దిగా. 2021 ఏప్రిల్ 1 నుంచి ఆ నూరో నియమం మాటల్లో మార్పొచ్చింది. అంతకు ముందు గాజు గురించే చెప్పేది, ఇప్పుడు ప్లాస్టిక్ పొర వేసిన గాజునీ కలుపుకునేలా రాశారు. శాతాలు మాత్రం అవే, 70, 50. దాని ఆధారంగానే 2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు, ఆ శాతాలకి లోబడిన ఫిల్ము వేసుకున్నవాళ్లకి జరిమానా వెయ్యడం కుదరదంది. అంతమాత్రాన ముడి పూర్తిగా విడిపోయిందని నేననను. కేరళ తీర్పు కేరళది, సుప్రీంకోర్టు మాట సుప్రీంకోర్టుది, మా సెంటర్లో ఎండకి నిలబడ్డ కానిస్టేబులు మాట కానిస్టేబులుది. ఆ మూడూ ఒకటయ్యేదాకా ఎడమ కన్ను ఆగదు కదా.

మా బావమరిదికి కడియపులంకలో నర్సరీ ఉంది. మొక్కకి ఎంత ఎండ, ఎంత నీడ అన్నది పుట్టుకతో తెలిసిన మనిషి. అక్కని చూడ్డానికొచ్చినప్పుడు ఈ విషయం చెబితే తెల్లబోయాడు.

"డెబ్బై శాతమాండీ? ముందు అద్దానికి? బావగారూ, డెబ్బైయంటే చీకటండి బాబూ! ఆంథూరియంకి డెబ్బై అయిదు నెట్టు కడతాం మేం. అలాంటిది కారుకి కట్టుకుని ఎలా నడుపుతారండీ?"

నాకు ముందు అర్థం కాలేదు. కాసేపు ఇద్దరం గట్టిగా వాదించుకున్నాం. ఆయన చట్టాన్ని తిట్టాడు, నేను ఆంథూరియంని తిట్టాను. మా ఆవిడే తేల్చింది, కళ్లు మూసుకుని పడక్కుర్చీలోంచి: "ఒరే, నువ్వు ఆపినదాన్ని లెక్కపెడుతున్నావు. ఆయన రానిచ్చినదాన్ని లెక్కపెడుతున్నారు."

అక్కడుంది కిటుకు. నర్సరీలో పచ్చ నెట్టు మీద 75 అని ఉంటే ఎండలో ముప్పాతిక వంతు ఆపుతుందని అర్థం. కారు ఫిల్ము మీద 70 అని ఉంటే ఆ మేరకు వెలుతురు రానిస్తుందని అర్థం. ఒకే అంకె, ఒకే ఎండ, ఎదురెదురు లెక్కలు. ముప్పై రెండేళ్లు శాతాలు చెప్పినవాణ్ని, ఏ రాశిలో శాతమో ముందు అడగండర్రా అని పిల్లల చెవులు మెలిపెట్టినవాణ్ని, నేనే అడగలేదు. కడియంలో చిన్న నర్సరీ రైతుకి నెట్టు మీద అంకె చూడగానే ఏ మొక్కో చెప్పడం వచ్చు. గులాబీకి నెట్టే వద్దు, లేత నారుకి యాభై, ఆకు అందంగా ఉండే మొక్కలకి డెబ్బై అయిదు. కొబ్బరి తోటలో కోకో వేసినవాడు అంకె కూడా చూడడు. కొబ్బరాకు సందుల్లోంచి నేల మీద పడే ఎండ మచ్చలు చూసి, కోకోకి ఇది చాలు అంటాడు. ఎవరికి ఎంత నీడ కావాలో ఈ లంకల్లో ఇంత బాగా తెలిసిన జనం, కారు దగ్గరికొచ్చేసరికి మాత్రం "ఎంత నల్లగా ఉంటే అంత మంచిది" అంటారు. నేను 2009లో అన్నట్టే.

నలుపుకీ చల్లదనానికీ ఉన్న చుట్టరికం మనం అనుకున్నంత దగ్గరిది కాదట. ఎండ మోసుకొచ్చే శక్తిలో దాదాపు సగం కంటికి కనపడని పరారుణ కిరణాలది. రంగు ముంచిన నల్ల ఫిల్ము వెలుతురుని తినేస్తుంది గానీ ఈ కనపడనిదాన్ని చాలావరకు వదిలేస్తుంది; తిన్న వేడి కూడా గాజులోనే దాచుకుని మెల్లగా లోపలికే ఊదుతుంది. సెరామిక్ ఫిల్ములని కొత్తవి వచ్చాయి. చూస్తే ఏమీ వేసినట్టే ఉండదు. అందులో కలిపిన సూక్ష్మమైన పింగాణీ రేణువులు వెలుతురుని రానిచ్చి, ఆ కనపడని వేడిని చాలావరకు గుమ్మంలోనే ఆపుతాయి. ధర మాత్రం మూడింతలు. ఒంటిని నల్లబరిచే అతినీలలోహిత కిరణాల సంగతి ఇంకోలా ఉంటుంది. ముందు అద్దం నిజానికి రెండు గాజులు, మధ్యలో ప్లాస్టిక్ పొర. అది వాటిని దాదాపుగా రానివ్వదు. పక్క తలుపుల గాజు ఒంటి పలక, పగిలితే పటికబెల్లం ముక్కల్లా రాలేది. అది వాటిలో మంచి భాగాన్నే లోపలికి వదులుతుంది. ఏళ్ల తరబడి కారు నడిపినవాళ్ల కుడి మోచెయ్యి ఎడమదానికంటే నల్లగా ఉంటుంది చూడండి. నాదీ అంతే. ఇప్పుడు చూసుకున్నాను.

ఏది వేయించాలో తేలింది. ఎవరి చేత అన్నది అంతకంటే పెద్ద చిక్కు. ఫిల్ము డబ్బాలో ఉన్నంతసేపూ అందరిదీ ఒకటే. అది గాజు మీదికెక్కే అరగంటలోనే అంతా ఉంది. దుకాణంవాణ్ని అడిగితే తన పనే మంచిదంటాడు, ఫోనులో ఫొటోలు చూపిస్తాడు. నిన్న వేసిన ఫిల్ము ఎవరిదైనా బావుంటుంది. రెండు వేసవులు తిన్నది ఎలా ఉందో చూడాలి.

దానికి నాకు తోచిన చోటు వాడపల్లి. ఏడు శనివారాల మొక్కుతో వెంకటేశ్వర స్వామికి జనం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. శనివారం పొద్దున్న ఆత్రేయపురం దారంతా కార్లే. మా ఆవిడ మొక్కు కూడా ఉంది గనక దర్శనం చేయించి, నీడలో కూర్చోబెట్టి, నేను బార్లు తీరిన కార్ల మధ్య అద్దాలు చూసుకుంటూ తిరిగాను. చాలామంది నన్ను దొంగే అనుకుని ఉంటారు. ఒకాయన పిలిచి అడిగేశారు కూడా, "ఏంటండి వెతుకుతున్నారు?" అని. "బుడగలండి" అన్నాను.

నలభై కార్ల దాకా చూశాను. చూడగా చూడగా కన్నుకి చదువొచ్చింది. వంకాయ రంగు దూరం నుంచే పట్టేసుకోవచ్చు. దగ్గరికెళ్తే అంచు చూడాలి: గాజు చివరికీ ఫిల్ము చివరికీ మధ్య సన్నటి గీతలా వెలుతురు సమంగా ఉంటే చేయి కుదురైనది, ఎలకలు కొరికినట్టుంటే బ్లేడు వణికింది. కింద రబ్బరు దగ్గర ఫిల్ము ముడుచుకుందా, లోపలికి దిగిందా. గాజు మీదే పెట్టి బ్లేడుతో కోసినవాడి గీత ఫిల్ము తీసేసినా పోదు. నలభైలో మూడు నాకు నచ్చాయి. సొంతదార్లు వచ్చేదాకా ఆగి ఎక్కడ వేయించారని అడిగాను. ఒకటి విశాఖపట్నం. మిగతా రెండూ మా ఊరే, ఒకే షెడ్డు. రోజూ నా కారు దాని ముందు నుంచే వెళ్తుంది. బోర్డు చిన్నది కావడం వల్ల కంట పడలేదు.

ఆ షెడ్డు కుర్రాడికి ముప్పై ఉంటాయేమో. నేను వెళ్లేసరికి ఒకాయనతో పేచీ నడుస్తోంది. కొత్త బండి, ఆయనకి కటిక నలుపు కావాలి. ఈ కుర్రాడు చేతులు కట్టుకుని, "మా దగ్గర ఉండదండి" అంటున్నాడు. "డబ్బులిస్తానయ్యా." "డబ్బులిస్తారండి, చలానా కూడా మీరే కడతారు, బాగానే ఉందండి. మీ అమ్మాయి నడిపేటప్పుడు రాత్రి వెనకొచ్చే బండి కనపడకపోతేనండి?" ఆయన విసుక్కుని వెళ్లిపోయాడు. పని బావుందో లేదో చూడక ముందే నాకు కుర్రాడు నచ్చేశాడు. వచ్చిన బేరం ఒదులుకునేవాడి చేతిలో అద్దం పెట్టొచ్చు.

ముందు మీటరు తెచ్చాడు. చెక్కపేడంత ఉంది, మధ్యలో చీలిక. కిటికీ అద్దాన్ని సగం దించి ఆ చీలికలో ఇరికిస్తే 76 చూపించింది. "ఖాళీ గాజే అంతండి. గాజులోనే కాస్త పచ్చ రంగు కలిపి పోస్తారు." నేను డెబ్బై ఫిల్ము వేస్తే ఎంతవుతుంది అన్నాను, మా తరగతిలో అడిగినట్టే. "యాభై మూడండి" అన్నాడు, వెంటనే. డెబ్బై ఆరులో డెబ్బై శాతం. సరిపోయింది. "అదే యాభై ఫిల్ము వేశారనుకోండి, ముప్పై ఎనిమిదికి పడిపోద్ది. పాకెట్ మీద యాభై ఉంది కదా, చట్టం కూడా యాభయ్యే కదా అని వేయించేసుకుంటారండి చాలామంది. తర్వాత మీటరు పెడితే లబోదిబో." ఏ బళ్లో చదివావు బాబూ అని అడిగాను. పదో తరగతి తప్పానండి, లెక్కల్లోనే అన్నాడు. తరవాతి ప్రశ్న అడగడానికి ధైర్యం చాల్లేదు, వాడు ఎవరి దగ్గర తప్పాడో అని.

ముందు అద్దాన్ని ముట్టుకోవద్దని తనే చెప్పాడు: అది ఖాళీగానే డెబ్బైకి అంచున ఉంటుంది, ఏం వేసినా కిందికి జారిపోతుంది. నాలుగు తలుపులకే, పలచటి సెరామిక్. బిల్లు మీద శాతం రాయించమన్నాను, రాశాడు. కేరళ తీర్పు ఫోనులో ఉంచుకోమన్నాడు. "చూపిస్తే ఒప్పుకుంటారా?" "ఒప్పుకోవచ్చండి. లేపోతే మళ్లీ నాకే చూపిస్తారు, నేను పీకేస్తానండి, డబ్బులొద్దు."

పని మొదలయ్యే ముందు షెడ్డు నేలంతా నీళ్లు చల్లాడు. ఫ్యాను ఆపేశాడు. షట్టరు దించాడు. బయట అరటి గెలల లారీలు ఒకటే రొద, లోపల ముగ్గురం చెమటతో. మా ఆవిడ ప్లాస్టిక్ కుర్చీలో నల్ల కళ్లజోడుతో కూర్చుని చూస్తోంది. తలుపు రబ్బర్లు వేళ్లతో వెనక్కి నొక్కి, దాని కింద పేరుకున్న మట్టిని గుడ్డతో లాగాడు. లాగాడు, గుడ్డ మార్చాడు, మళ్లీ లాగాడు. ఆ మట్టి తీయడానికే ఒక్కో తలుపుకి పావుగంట. గాజు మీద సబ్బునీళ్లు కొట్టి బ్లేడుతో గీస్తూ మధ్యమధ్య కళ్లు మూసుకుని అరచేత్తో తడిమేవాడు. ఎందుకని అడిగితే, కంటికి ఆనని ఇసుక రేణువు వేలికి తెలుస్తుందండి అన్నాడు.

గాజుకి బయటి వైపు ఫిల్ము పరిచి, హీట్ గన్‌తో వేడి చూపిస్తూ, గాజు వంపుకి అది ఒదిగేదాకా రబ్బరు బద్దతో నిమిరాడు. తీసి బల్ల మీద వేసి అంచు కోశాడు. ఆ తర్వాత ఫిల్ముకి అంటిన పలచటి కాగితాన్ని ఒక చేత్తో ఒలుస్తూ, రెండో చేత్తో సబ్బునీళ్లు చిమ్ముతూ, తలుపు లోపలికి తిప్పి గాజు మీద ఆనించాడు. ఆ క్షణంలో ఎవరం ఊపిరి తీసుకోలేదు.

"రేకు తీసినట్టే తీస్తున్నాడండీ" అంది మా ఆవిడ మెల్లగా.

ఆవిడ పుట్టిల్లు ఆత్రేయపురం పక్కనే. పూతరేకులు తీసేవాళ్లని చూస్తూ పెరిగింది. బోర్లించిన కుండ కింద మంట, పలచటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డని కుండ మీద ఒక్కసారి అలా లాగితే అలాగే ఎండి రేకు లేస్తుంది. గుడ్డ ఎక్కడ ఆగిందో అక్కడ మచ్చ. ముడత పడితే ఇక ఆ రేకుని చదును చేసే ఉపాయం ఈ లోకంలో లేదు. 2023లో ఆ రేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు ఆవిడ వాళ్లింటికి ఫోన్ చేసి మరీ, "మన గుడ్డ చప్పుడుకి కాగితం ఇచ్చారంట" అంది. రేకు తీసే చప్పుడు నేనెప్పుడూ వినలేదు. ఆరోజు ఆ షెడ్డులో ఫిల్ము మీద రబ్బరు బద్ద మధ్య నుంచి అంచుకి నీళ్లని నెడుతుంటే వచ్చిన సన్నటి కీచుకి ఆవిడ తలాడిస్తూ కూర్చుంది.

కుడి వెనక తలుపు దగ్గర ఒక రేణువు దొరికింది. నాకైతే కనపడలేదు. అతను వెలుతురుకి ఎదురుగా వంగి చూసి, చూసి, నిట్టూర్చి, మొత్తం ఫిల్ము పీకి ఉండ చుట్టి బుట్టలో పారేశాడు. కొత్తది కోశాడు. "ఉండనివ్వవయ్యా, ఎవరు చూస్తారు" అన్నాను. "మీరు చూడరండి. నేను ఎప్పుడు మీ కారు పక్కనుంచి ఎళ్లినా నాకదే కనపడద్దండి."

అయ్యేసరికి రెండున్నర గంటలు పట్టింది. మీటరు 53 చూపించింది, ఒక తలుపుకి 52. గాజు మీద అక్కడక్కడ పొగలా చిన్న తడి మరకలున్నాయి. అవి ఎండకి అవే ఆరతాయన్నాడు. ఒక్కటే షరతు పెట్టాడు: నాలుగు రోజులు అద్దాలు దించకూడదు. దించితే తడి జిగురు మీద రబ్బరు పట్టుకుని ఫిల్ముని కిందికి లాగేస్తుంది. మీటల మీద తెల్ల టేపు అంటించి మరీ పంపాడు, నా మీద నమ్మకం లేక.

మర్నాడు శుక్రవారం రాజమండ్రి వెళ్లాలి. ఈసారి పొద్దుట పదింటికి రమ్మన్నారు. ఎండ కుడి పక్క, నా మోచేతి మీద. ఎప్పుడూ మాడే చోట గోరువెచ్చగా ఉంది. నది మీద నీళ్ల రంగు మారిపోలేదు, ఇసుక ఇసుకలానే ఉంది. కానీ అది మాత్రం తర్వాతి మాట. అంతకు ముందు ఊరు దాటేలోగా అరటి మార్కెట్టు దగ్గర ట్రాఫిక్కులో ఇరుక్కుపోయాం. గెలలు దించుతున్న జనంలోంచి మా పాత సహోద్యోగి, తెలుగు మాస్టారు, అద్దంలోంచి మమ్మల్ని చూసేశారు. కారు పక్కకొచ్చి నిలబడి మాట్లాడ్డం మొదలెట్టారు. నోరు కదులుతోంది, మాట వినపడదు. చెయ్యి తిప్పి ఎక్కడికని అడిగారు. మా ఆవిడ కళ్లజోడు ఎత్తి ఎడమ కన్ను చూపించింది. ఆయన అయ్యో అన్నట్టు తలూపి, అద్దం దించమని వేలితో గాజు మీద తట్టారు. నేను కంగారుగా వద్దు వద్దని చెయ్యాడించి, టేపు చూపించి, నాలుగు వేళ్లు ఎత్తి చూపించాను, నాలుగు రోజులు దించకూడదని. ఆయన వేళ్ల వంక చూసి, అర్థమైందని గట్టిగా తలాడించి, చేతిగడియారం తట్టి, నవ్వుతూ పక్కకి తప్పుకున్నారు.

మేం తిరిగి వచ్చి కారు వాకిట్లో పెట్టేసరికి సాయంత్రం నాలుగుంపావు. మాస్టారు మా అరుగు మీద కూర్చుని ఉన్నారు, పక్కన రెండు అత్తాల చక్కెరకేళీలు.

"నాలుగన్నారు, పావుగంట ఆలస్యం చేశారు" అన్నారు.